తలకిందుల తునికి కొమ్మ

చనిపోయిన తిరుగుబాటుదారుడి నడుంగుడ్డలో బొగ్గుతో గీసిన పటం దొరికింది. ఒక కొండ, ఒక వాగు, వాగు పక్కన గుహ. దళం దాచిన తుపాకులన్నీ ఆ గుహలోనే ఉన్నాయి.

పటం చేతిలో ఉంటే సరా? ఆ అడవి కొత్తవాళ్లను మింగేసి త్రేన్చదు కూడా! అందుకే సైన్యం తరఫున కెప్టెన్ ఓబులేశు వచ్చి, ఏడు కొండరెడ్డి గూడేలకు పెద్దయిన కన్నపరెడ్డి అరుగు మీద కూర్చున్నాడు.

“దారి చూపిస్తాను దొరా. నా కొడుకు సింగన్న ఆ దళంలోనే ఉన్నాడు. ఎదురుపడితే వాణ్ణి కాల్చకూడదు. ప్రాణంతో నా చేతిలో పెట్టాలి.”

“మాటిస్తున్నాను, పెద్దాయనా.”

కన్నపరెడ్డి నమ్మాడా అంటే, లేదు. కానీ అటు దళం, ఇటు సైన్యం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొడుకు కోసం లేచి నడిచాడు.

రెండు రోజులుగా ఒకటే ముసురు. పట్టపగలే దారి కానరాని చీకటి. జలగలు పీక్కుంటూ కెప్టెన్, ఆరుగురు జవాన్లు వెనక నడిచారు. గుహ కనబడగానే జవాన్లు ముందుకు ఉరికారు.

“ఆగండి! అడుగేశారో చచ్చారే!” కన్నపరెడ్డి చేతికర్ర అడ్డం పెట్టాడు.

గుహ పక్క పొదకు నారతో కట్టిన తునికి కొమ్మ ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. అడవిపందికి ఉచ్చు పెట్టిన కొండరెడ్డి, మనిషి అందులో పడకుండా ఇలా గురుతు కడతాడు. కట్టకపోతే మహాపాపం. కట్టిన చేతితోనే విప్పాలి, ఇంకొకరు ముట్టరు.

“ఎడమచేతివాటం ముడి. మావాడిదే.” ముసలాయన వంగి ముడిని దగ్గరగా చూశాడు. “ఎర్రి నాయన! మందుపాతర పెట్టి కూడా గురుతు కట్టాడు.”

కన్నపరెడ్డి చూపించిన కొండ మీది గబ్బిలాల బిలంలోంచి అందరూ తాళ్లు పట్టుకుని లోపలికి దిగారు. టార్చి వెలుగులో గోడ పొడవునా తుపాకుల పెట్టెలు! “దొరికింది సార్!” అని అరిచాడో జవాను. పెట్టెల వెనక ఎవరో మూలిగారు.

సింగన్న. తొడలో తూటా గాయం కుళ్లి కంపు కొడుతోంది. నడవలేనివాణ్ణి దళం అక్కడే పడేసి, సైన్యం రాగానే, అడుగు పడకపోయినా పేలేలా లాగమని మందుపాతర తీగ చేతికిచ్చి పోయింది. జవాన్లు గురిపెట్టారు.

“దించండి తుపాకులు!” కెప్టెన్ గర్జించాడు.

“తీగ వదులు నాయనా.” కన్నపరెడ్డి ముందుకొచ్చాడు.

“అయ్యా, నువ్వేంటి వీళ్లతో?”

“నీ కోసమేరా! నీ గురుతు చూసే ఆగాం.”

“తూటా తగలకముందే, తేనెకొచ్చే మనోళ్ల కోసం కట్టానయ్యా,” అంటూ సింగన్న తీగ వదిలేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అంతలో గుహ వెనక గోడ బీటల్లోంచి వాగునీళ్లు హోరుమంటూ దూకాయి. చూస్తుండగానే నడుముల దాకా వచ్చాయి. జవాన్లు పెట్టెల మీద పడ్డారు.

“తుపాకులు వదిలేయండ్రా! ముందు మనిషిని ఎత్తండి!”

ఆ కేక విన్నాకే కన్నపరెడ్డి కెప్టెన్‌ను నమ్మాడు.

గాయపడ్డవాణ్ణి తాడు మీద లాగే వ్యవధి లేదు. గుహ ముఖద్వారమే గతి. కెప్టెన్ భుజం మీంచి సింగన్నే దారి చెప్పాడు. “ఎడమ గోడకు ఆనుకుని నడవండి... నడుమ అడుగేయొద్దు...” అందరూ బయటపడ్డారు. తుపాకులు నీళ్లపాలయ్యాయి.

“హెలికాప్టర్ వస్తుంది తమ్ముడూ, కళ్లు మూయకు!” కెప్టెన్ బతిమాలుతూనే ఉన్నాడు. ఆ వానలో ఏ హెలికాప్టరూ రాలేదు. తండ్రి ఒడిలోనే సింగన్న ఊపిరి ఆగిపోయింది. ఆ తండ్రి కడుపుకోత ఏమని చెప్పను!

ఒక జవాను మందుపాతర పెకలించి, తునికి కొమ్మ మీద చెయ్యి వేయబోయాడు.

“ముట్టకు!” కన్నపరెడ్డి అరిచాడు. “ఉచ్చు పోయాక గురుతు ఉంచితే దారినపోయేవాళ్లతో అబద్ధమాడినట్టే. కానీ కట్టినవాడే విప్పాలి.”

కెప్టెన్ టోపీ తీసేసి, చంకల కింద చేతులు వేసి సింగన్నను లేపి పట్టుకున్నాడు. తండ్రి ఆ చల్లబడ్డ ఎడమచేతిని అందుకుని, వేళ్లను ఒక్కొక్కటిగా ముడిలోకి దూర్చాడు. తడిసిన నార బిగుసుకుపోయింది. చాలాసేపు ఊడి రాలేదు.

“కొంచెం ఓపిక పట్టరా,” అన్నాడు కొడుకుతో, “అయిపోవచ్చింది.”