అరువిచ్చిన వేలు

లంకలు మునిగిన వరద వచ్చి పోయిన ఆరో ఏడు. క్యాలెండరు ప్రకారం రెండు వేల డెబ్బై మూడు. గుల్లగట్టు మీద ఆ లెక్క ఎవరూ వాడరు. పిల్ల ఎప్పుడు పుట్టిందంటే వరదకి ముందు రెండేళ్ళు అంటారు. పెళ్ళెప్పుడంటే వరద తర్వాత మూడో ఏడు అంటారు.

ఆ ఏడు వానలు మొదలుకాకముందే దర్జీ పల్లయ్య పలక అనే యంత్రం దగ్గరికి వెళ్ళాడు. వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే ఎడమ చెయ్యి మణికట్టుదాకా గూట్లో పెట్టాడు.

"మెరక ఇంటికి పేరు రాయించుకోవాలి."

"మీ పరపతి అంకె మూడు వందల పన్నెండు," అంది పలక. "మెరక ఇంటికి ఐదు వందలు ఉండాలి. పేరు రాయడం కుదరదు."

"మూడొందలా?" వెనకనుంచి ఎవరో అన్నారు. "పల్లయ్యగారు కూడా ఎగ్గొట్టే రకమేనేంటి? జాకెట్టు ముక్కలు మిగుల్చుకుంటాడనుకున్నాం గానీ!"

వరసంతా నవ్వింది. పల్లయ్య నవ్వలేదు.

మెరక ఇళ్ళు పన్నెండే. గట్టుకి పడమర దిబ్బ పోసి రాతి స్తంభాల మీద కట్టారు. ఎంత వరద వచ్చినా నీళ్ళు అంత ఎత్తుకి రావు. పల్లయ్య ఇల్లు పల్లంలో ఉంది. నిరుడు వానలకి నీళ్ళు మంచం పట్టెదాకా వచ్చాయి. అతని భార్య మంగాయమ్మకి నడుం కిందంతా పడిపోయి ఐదేళ్ళు. ఆవిణ్ణి భుజాన వేసుకుని అటకెక్కి రెండు రోజులు కూచున్నాడు. ఇప్పుడతనికి అరవై రెండు. ఈసారి భుజం నిలవదని అతనికి తెలుసు. ఆవిడకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

పలక అంటే గుమ్మమంత నల్ల అద్దం. కింద చెయ్యి పెట్టే గూడు. ఆ గూట్లో నాడిచూపు అనే పల్స్ సెన్సార్ ఉంటుంది. నాడి కొట్టుకునే తీరు ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు. దాన్నిబట్టి మనిషిని గుర్తుపడుతుంది. ఎవరు ఏ బాకీ చేసినా, తీర్చినా, తప్పినా ఒక్కో పంక్తిగా రాసుకుంటుంది. ఆ పంక్తులన్నీ కలిపితే క్రెడిట్ రిపోర్టు. గట్టు మీద దాన్ని చిట్టా అంటారు. చిట్టానంతా పిండి పలక ఒక అంకె తీస్తుంది. ఆ అంకెని బట్టే పడవ టిక్కెట్టు, బియ్యం అరువు, బడిలో సీటు. దీన్ని తయారు చేసిన శాస్త్రజ్ఞురాలు సుభాషిణి ఒక కట్టుబాటు పెట్టింది. యంత్రం తనంతట తాను ఏ పంక్తీ దిద్దకూడదు. మనిషి వచ్చి ఇది తప్పు అని అర్జీ పెడితేనే దిద్దాలి. మనుషుల బతుకు మీద ఆఖరి మాట మనుషులదే కావాలని ఆవిడ ఉద్దేశం.

"చిట్టా చదువు," అన్నాడు పల్లయ్య.

"ఏడాదికి ఒకసారి ఉచితం. చదువుతున్నాను."

పలక చదువుతూ పోయింది. పదిహేడో పంక్తి దగ్గర పల్లయ్య చెయ్యి ఎత్తబోయి ఆగాడు.

"వరద ఏడు, శిబిరంలో. పడవ మోటారుకి ఏడు లక్షలు. రేవు సంఘం ఇచ్చింది. ఒక్క కిస్తీ ముట్టలేదు."

"పడవ మోటారేంటి? నాకు పడవే లేదు."

"వేలిముద్ర మీదే."

అప్పుడర్థమయింది పల్లయ్యకి.

గట్టు మీద అందరూ సున్నపు బట్టీల వాళ్ళు. ఏటి గుల్లలు కాల్చి సున్నం చేస్తారు. వరదలకి సిమెంటు గోడలు నానిపోయాక గుల్ల సున్నానికే గిరాకీ. ఆ సున్నం చేతులు తినేస్తుంది. ఇరవై ఏళ్ళు నిండకముందే వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. వరద శిబిరంలో అప్పటికి నాడిచూపులు రాలేదు. ఉన్నది వేలిముద్ర మిషను. అది గట్టువాళ్ళ ఏ వేలినీ ఒప్పుకోలేదు. పల్లయ్య ఒక్కడే దర్జీ. అతని వేలికి గీతలున్నాయి.

"పల్లయ్యా, ఓసారి వేలియ్యి," అనేవాళ్ళు. ఇచ్చేవాడు. బియ్యానికి, టార్పాలినుకి, గిన్నెలకి, ఇంకా దేనికో. దేనికని అడగలేదు. వేలిచ్చి దేనికని అడగడం, అన్నం పెట్టి ఎన్ని ముద్దలు తిన్నావని అడగడం లాంటిది. గట్టు మీద అలా అడగరు.

"అర్జీ పెడతాను. పదిహేడో పంక్తి తప్పు," అన్నాడు.

"ఏం తప్పు?"

"ఆ అప్పు నేను తీసుకోలేదు."

"తీసుకున్న మనిషి వచ్చి నాడి పెట్టి చెబితే ఇప్పుడే దిద్దుతాను. రాకపోతే సంఘానికి ముప్పై రోజుల గడువు. వాళ్ళు కాగితం చూపిస్తే పంక్తి నిలుస్తుంది. చూపించకపోతే చెరిగిపోతుంది."

మెరక ఇళ్ళ జాబితా మూసెయ్యడానికి ముప్పై రెండు రోజులున్నాయి.

పల్లయ్య తిన్నగా రేవుకి నడిచాడు. లోవరాజు పడవలోంచి గుల్ల దించుతున్నాడు. నలభై ఏళ్ళవాడు, ముగ్గురు పిల్లలు. పల్లయ్యని బావా అంటాడు. పల్లయ్య పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. మోటారు చూశాడు. ఇంకోసారి తిరిగాడు.

"ఏంటి బావా, పడవకి కొలతలు తీస్తున్నావా? చొక్కా కుడతావా ఏంటి?"

"అడక్కూడని మాట అడుగుతున్నా. ఆ మోటారెక్కడిది?"

లోవరాజు గంప దించాడు. నవ్వు పోయింది.

"నీ వేలుదే బావా. శిబిరంలో తీసుకున్నా."

"నా చిట్టాలో పడింది. ఒక్క కిస్తీ కట్టలేదంట."

"ఎవడా కూసింది? నెలనెలా కడుతున్నా! ఐదేళ్ళు! మా చిన్నదానికి జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకుంటే ఆ నెలా కట్టా. ఒక్క నెల తప్పితే నా ముక్కు కోసి ఏట్లో పారెయ్యి."

"ఏమని చెప్పి కడతావు?"

"పల్లయ్య వేలు మీది బాకీ అంటా. పదిహేను వేలు పెడతా. ముట్టింది అంటది పలక. వచ్చేస్తా." లోవరాజు తలగుడ్డ దులిపాడు. "పద బావా, ఇప్పుడే పద. నేనొచ్చి చెప్తా. పూట కూలి పోతే పోయింది."

పల్లయ్య కదల్లేదు.

అతనికి ఇంకో బాకీ ఉండేది. కుట్టు మిషన్ల కోసం వరదకి ముందే చేసింది. వరద మరుసటేడు మంగాయమ్మ పడిపోయింది. రెండు నెలల కిస్తీ తప్పాడు. మూడో నెల గడువు అడుక్కుందామని పలక దగ్గరికి వెళితే, "ఈ నెల కిస్తీ ముట్టింది," అంది. పై నెలా అదే మాట. ప్రభుత్వం వరద సాయం కింద కడుతోందేమో అనుకున్నాడు. అలా అనుకోవడం సుఖంగా ఉంది. ఎవర్నీ అడగలేదు. మొన్న వైశాఖంలో, "బాకీ తీరింది," అంది పలక. ఆవేళ అరకేజీ జిలేబీ కొనుక్కొచ్చాడు.

ఒకే వేలి మీద రెండు బాకీలు. పాత బాకీకే ముందు జమ చెయ్యాలని యంత్రం లెక్క. లోవరాజు కట్టిన అరవై నెలల సొమ్మూ పల్లయ్య మిషన్ల బాకీలో పడింది. ఇప్పుడు లోవరాజు వచ్చి నోరు విప్పితే మోటారు పంక్తి పోతుంది. కానీ ఆ అరవై నెలలూ వెనక్కి పోతాయి. మిషన్ల బాకీ మళ్ళీ లేస్తుంది. ఐదేళ్ళుగా ఎగ్గొట్టిన బాకీగా లేస్తుంది. అప్పుడు మూడు వందల పన్నెండు కూడా మిగలదు.

"ఏంటి బావా, అలా చూస్తావు? పద."

"ఇవాళ వద్దు."

"అదేంటి? నువ్వే కదా అడగొచ్చావు."

"నేను చూసుకుంటాలే. నీ పని చూసుకో."

"నన్ను నమ్మట్లేదా?"

"నమ్ముతున్నా," అన్నాడు పల్లయ్య. "అందుకే వద్దన్నా."

లోవరాజుకి అర్థం కాలేదు. గంప ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత పల్లయ్య రేవు దారి మానేశాడు. దారం కొనడానికి కూడా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. లోవరాజు రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండుసార్లూ పల్లయ్య పెరటి తలుపున బయటికి పోయాడు.

"లోవరాజు వచ్చాడు," అంది మంగాయమ్మ మంచంలోంచి. "సాక్ష్యం చెబుతానంటే నువ్వు వద్దన్నావంట. వాడికి అర్థం కాలేదంట. నాకూ కాలా."

పల్లయ్య సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కలేదు.

"సంఘంవాళ్ళే కొట్టేస్తారులే."

"కొట్టెయ్యకపోతే?"

దారం కొస తడిచేసి మళ్ళీ ప్రయత్నించాడు. అర్జీ పెట్టిన ఇరవయ్యో రోజు ఎగువన వానలు పడ్డాయని రేవులో చెప్పుకున్నారు. ఇరవై ఐదో రోజు ఏరు రంగు మారింది. ఇరవై తొమ్మిదో రోజు పల్లయ్య రెండు జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి మళ్ళీ కుట్టాడు.

ముప్పయ్యో రోజు పలక ముందు నిలబడ్డాడు. వెనక పదిమంది ఉన్నారు.

"సంఘం నుంచి జవాబు రాలేదు," అంది పలక. "పదిహేడో పంక్తి మీ చిట్టాలోంచి చెరిపేశాను. మీరు అర్జీ పెట్టారు గనక ఆ బాకీ ఎవరిదో వెతికాను. ఆ నంబరు మోటారు లోవరాజు పడవకి ఉంది. బాకీ అతని చిట్టాకి మారింది."

వాడు కట్టాడుగా, అనే మాట పల్లయ్య గొంతుదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

"ఈ చిట్టాలో ఇంకేమైనా తప్పు ఉందా?" అడిగింది పలక.

అందర్నీ అడిగే మాటే అది. పల్లయ్య ఏటివైపు చూశాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక ఒక ముసలామె, "తొందరగా కానియ్యి నాయనా, కాళ్ళు పీకుతున్నాయి," అంది.

"లేదు," అన్నాడు.

"మీ అంకె ఏడు వందల అరవై. ఒక ఇల్లు ఇప్పుడే ఖాళీ అయింది. అంకె పడిపోయి లోవరాజు పేరు జాబితాలోంచి పోయింది. పన్నెండో ఇల్లు మీది. మొదటి కిస్తీకి ముప్పై రోజుల గడువు."

ఐదొందలు దాటితే చాలనుకున్నాడు. ఏడొందల అరవై గట్టు మీద ఎవరికీ లేదు.

"ఎందుకంత?" అన్నాడు.

"అడిగే హక్కు మీకుంది. మీకొక్కరికే వినపడేలా చెబుతాను."

గొంతు సన్నబడింది. చెవి పక్కనే ఎవరో గుసగుసలాడినట్టుంది.

"మిషన్ల బాకీలో మీరు కట్టని సొమ్ము అరవై నెలలు పడింది. అది మీకు తెలుసు. తెలిసీ తప్పు లేదన్నారు. మీ నాడి చెప్పింది."

పల్లయ్య అద్దం దగ్గరికి వంగాడు.

"తెలిస్తే దిద్దెయ్యి మరి."

"అర్జీ లేదు."

"అబద్ధమాడితే అంకె తగ్గాలి కదా?"

"నేను మంచివాళ్ళని లెక్కపెట్టను. కిస్తీ కట్టేవాళ్ళని లెక్కపెడతాను. నలభై లక్షల చిట్టాలు చూశాను. తనకి కలిసొచ్చిన తప్పుని పైకి చెప్పినవాళ్ళు తర్వాత ధైర్యంగా గడువు అడుగుతారు. ఆలస్యం చేస్తారు. దాచుకున్నవాళ్ళు ఒక్క రోజు తప్పరు. తప్పితే ఎవరైనా చిట్టా విప్పుతారని వాళ్ళకి భయం. అంతకంటే గట్టి పూచీ నాకు ఇంకెక్కడా కనపడలేదు."



"నిన్ను తయారు చేసినావిడకి ఈ సంగతి తెలుసా?"

"తెలుసు. ఆవిడా అర్జీ పెట్టలేదు."

ఆ సాయంత్రం లోవరాజు వచ్చాడు. పల్లయ్య పెరట్లోకి పోయేలోపే గుమ్మంలోకి వచ్చేశాడు. గట్టిగా అరుస్తాడనుకున్నాడు పల్లయ్య. లోవరాజు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"రెండొందల తొంభై అంట బావా. ఎగ్గొట్టినోణ్ణంట. వరసంతా నవ్వారు. ఇల్లు పోయింది."

మంగాయమ్మ అతని తల మీద చెయ్యేసింది. ఇల్లు తమకే వచ్చిందని ఆవిడకి తెలుసు. ఎలా వచ్చిందో తెలియదు.

"నేను కట్టిందంతా మీ మిషన్ల బాకీలో పడిందంట అక్కా," అన్నాడు లోవరాజు. "బావకి మాత్రం ఏం తెలుసు పాపం, ఎవరి సొమ్ము ఎందులో పడిందో. నేనూ అర్జీ పెట్టా. ముప్పై రోజులంట. జాబితా ఎల్లుండి మూసేస్తారు. బావొచ్చి నాడి పెట్టి, ఆ సొమ్ము నాది కాదు లోవరాజుదీ అంటే ఇప్పుడే దిద్దుతానంది." పల్లయ్య వైపు తిరిగాడు. "ఒక్క మాట బావా. నీ ఇల్లు నీకే ఉంటదిలే, ఏదో ఒకటి చేస్తారు. పిల్లలతో ఈ వానలకి పల్లంలో ఉండలేను."

"వస్తాడు," అంది మంగాయమ్మ. "ఎందుకు రాడు? అడగాలా ఆ మాత్రం దానికి?"

ఇద్దరూ పల్లయ్య వైపు చూశారు.

"పొద్దున్నే," అన్నాడు పల్లయ్య.

లోవరాజు లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. అరిగిపోయిన ఆ వేళ్ళు నున్నగా, రాయిలా ఉన్నాయి. వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారుతూండగానే పల్లయ్య పలక దగ్గరికి వెళ్ళాడు. వరసలో ఇంకా ఎవరూ లేరు. లోవరాజు కూడా రాలేదు. చెయ్యి గూట్లో పెట్టాడు.

"చెప్పండి," అంది పలక.

కొత్త ఇంటి మొదటి కిస్తీకి ఇంకా ఇరవై తొమ్మిది రోజుల గడువుంది. జేబులోంచి డబ్బు తీసి కట్టేశాడు.