పాతిపెట్టిన ప్లగ్గు

బాకెలాలన్ కొండదారి డ్రైవర్లకు ఒక ఆచారం ఉంది. తోటి డ్రైవర్ పోతే అతని బండి ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఒకటి విప్పి శవపేటికలో పెడతారు. నిప్పురవ్వ మట్టిలో కలిస్తే బండి మీద మమకారమూ తెగుతుందని నమ్మకం. ఆ ఆచారం పుట్టిన రోజుల్లో అన్నీ పెట్రోల్ జీపులే మరి.

పోయిన వానల్లో పదాన్ తన డీజిల్ జీపును ఒడ్డున ఆపి, ఏటి లోతు చూద్దామని దిగాడు. వరద లాక్కుపోయింది. శవం దొరికాక తమ్ముడు లబో తన చేత్తోనే ప్లగ్గు విప్పి అన్న చొక్కా జేబులో పెట్టాడు. బండి మాత్రం తనే ఉంచుకున్నాడు. అన్న ఆజానుబాహువు, ఇతనేమో పొట్టి. సీటు పూర్తిగా ముందుకు లాక్కుంటే గానీ బ్రేకు అందదు. "నా సీటు జరిపావంటే చంపుతా పొట్టోడా" అనేవాడు అన్న. ఇప్పుడు అలా తిట్టేవాళ్ళు లేక ఇల్లు బావురుమంటోంది.

ఈ వానల్లో ఒక మధ్యాహ్నం లావాస్ ఊళ్ళో మెకానిక్ మురాంగ్ బానెట్ ఎత్తి నవ్వాడు.

"హీటర్ ప్లగ్గు ఒకటి తీసేసి కన్నానికి బోల్టు బిగించావేంట్రా?"

"అన్నతో పంపించాను."

"డీజిల్‌కి నిప్పురవ్వ ఎక్కడిదిరా పిచ్చోడా! లోపల గాలి నొక్కుకుని వేడెక్కితే అదే మండుతుంది. ఈ ప్లగ్గు చలి పొద్దున వెచ్చబెట్టడానికే. అది లేకపోయినా బండి ఆగదు..."

మురాంగ్ నవ్వు ఆగిపోయింది.

"అయితే మీ అన్నకి బండి మీద మమకారం ఇంకా తెగలేదన్నమాట. లబో, ఏటి ఒడ్డున మాత్రం ఆగకు."

కానీ ఇంటికి తిరిగొస్తుంటే ఆగక తప్పలేదు. ఏరు పొంగి ఉంది. పొద్దు వాలుతుంటే కొండల మీంచి మంచు దిగి దారిని కప్పేసింది. తడి మట్టి వాసన, డీజిల్ పొగ. చుట్టుపక్కల పురుగు కూడా అరవడం లేదు. లబో ఇంజను ఆపుదామని తాళం తిప్పాడు.

ఇంజను ఆగలేదు.

తాళం ఊడదీశాడు. ఆగలేదు... దిగి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"అన్నా..." అన్నాడు గుసగుసగా. "నువ్వేనా?"

ఇంజను ఠక్కున ఆగింది.

నిజం చెప్పాలంటే ముందు అతనికి కలిగింది భయం కాదు, సంతోషం. ఇన్నాళ్ళకి ఒక మనిషి తోడు దొరికినట్టు కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

"ఏరు తగ్గాక ఇంటికి పోదాం, అన్నా."

ఎక్కి తలుపు వేసుకున్నాడు. తాళం ఇంకా చేతిలోనే ఉంది. ఇంజను దానంతటదే అందుకుంది. బండి మెల్లగా కదిలింది... ఏరు తగ్గాక కాదు, అప్పుడే. ఏటివైపు.

లబో బ్రేకు తొక్కబోయాడు.

కాలు అందలేదు.

సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది.