దింపుడు కల్లం మీద లిఫ్టు

సాయంత్రం ఆరు దాటితే మెట్రో స్టేషను కింద నిలబడడానికి సందుండదు. మెడలో ఆఫీసు కార్డుల పట్టీలు వేసుకున్న పిల్లలు మెట్ల మీంచి దిగుతూనే ఉంటారు. ఆటోవాళ్ల అరుపులు, మిర్చి బజ్జీల నూనె వాసన, నెత్తి మీద రాయదుర్గం పోయే బండి చప్పుడు. ఆ కాళ్ల సందుల్లోంచే రుక్కమ్మ వంగి ఊడ్చుకుంటూ పోతుంది. ఎవరూ ఆమెను చూడరు. ఆమెకూ అదే నయం.

స్టేషను రాకముందు ఇది ఊరి బాట. రెండు పక్కలా జొన్నచేలు. స్టేషను వచ్చాక ఊరు ఊరంతా దానివైపు తిరిగి కూర్చుంది. పశువుల కొట్టాలు హాస్టళ్లయ్యాయి. ఇంటి అరుగులు కర్రీ పాయింట్లయ్యాయి. కిరాయిలు కట్టలేక కొందరు, భూములమ్ముకుని కొందరు, ఊరివాళ్లే ఊరు విడిచిపోయారు. రుక్కమ్మ ఇల్లు కూడా నాలుగంతస్తుల హాస్టలై, కింద నీళ్ల మోటారు పక్కన గది ఒక్కటి ఆమెకూ మొగుడు ఎల్లేశానికీ మిగిలింది.

అన్నీ మారాయి గాని చచ్చినవాళ్ల దారి మారలేదు. శ్మశానం ఇప్పటికీ ఆ అద్దాల మేడల వెనకే. పూర్వం పాడె మోసేవాళ్లు సగం దారిలో, సరిగ్గా ఇప్పుడు లిఫ్టు ఉన్నచోట, ఒకసారి దింపేవాళ్లు. అది ఊరి దింపుడు కల్లం. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. రుక్కమ్మ అత్త చెప్పేది: "పలికితె పానమున్నట్టు. పలకకుంటె మూడో పిలుపుతోని ఇడ్సిపెట్టినట్టు. పిలువకుండ తీస్కపోయినోళ్లు ఆడనే నిలవడుంటరు బిడ్డా, ఎవలన్న పిలుస్తరేమోనని."

పోయిన వానాకాలంలో రుక్కమ్మ కూతురు జ్యోత్స్న జ్వరమొచ్చి దవాఖానలో పోయింది. పంతొమ్మిదేళ్లు. ఈ మెట్ల కిందనే ఫోను కవర్లు అమ్మేది. లిఫ్టంటే ప్రాణం దానికి. పని లేకున్నా ఎక్కి దిగేది. "రావే అమ్మా, ఒక్కపారి ఎక్కుదాం. మింగుతదా ఏంది నిన్ను?" అని కొంగు పట్టి గుంజేది. తలుపు మూసుకుంటే ఊపిరాడదని రుక్కమ్మకు భయం. "రేపెక్కుత తియ్" అనేది.

పిల్లను వ్యానులో తెచ్చారు. లిఫ్టు దగ్గర ఆపబోతే వెనక కార్ల హారన్లు. ఇక్కడ ఆపొద్దని గార్డు విజిలూది చెయ్యి ఊపాడు. ఎల్లేశం తలొంచుకుని, "ఇగ పోనియ్ అన్నా" అన్నాడు డ్రైవరుతో. రుక్కమ్మ పిలవడానికి నోరు తెరిచేలోపు స్టేషను వెనకబడింది.

ఏడాదిగా ఆ నోరు తెరుచుకునే ఉంది.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లను తలుచుకునే అమాస. పొద్దుగూకే వేళ ముసురు పట్టింది. జనమంతా అవతలి మెట్ల వైపు ఉరుకుతున్నారు. రుక్కమ్మ లిఫ్టు ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, సిగ్గు చంపుకుని పిలిచింది.

"జ్యోత్స్నా..."

చప్పుళ్లన్నీ దూరం జరిగినట్టయింది. తడిసిన మట్టి వాసన... జొన్న సొప్ప వాసన... ఇక్కడ మట్టెక్కడుంది?

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. కూత మొదలైంది. కీ... కీ... బరువు మించితే కూసే కూత.

"జ్యోత్స్నా..."

"ఓ..."

లోపలినుంచే. సన్నగా. దాని వెనక ఇంకెవరెవరివో ఊపిరులు. ఇరుకులో ఒకరినొకరు ఒత్తుకుని నిలబడ్డవాళ్ల ఊపిరులు...

మూడోది గొంతులో అడ్డం పడింది. పిలిస్తే పోతుంది. మళ్లీ పోతుంది. రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది.

ఆనాటినుంచి పొద్దుగూకితే లిఫ్టు ఖాళీగా కూయసాగింది. గార్డు లింగమూర్తి కోనసీమ నుంచి వచ్చినవాడు. ఆనాడు విజిలూదింది అతనే. అతనికి గుర్తు లేదు, ఆమె చెప్పలేదు. "ఏవండీ రుక్కమ్మగారూ, మనిషి లేడు, మేకపిల్లా లేదు, నిండిపోయానంటాదేంటండీ ఇది? మెకానిక్కేమో బాగానే ఉందంటాడు. కొంపదీసి మీ చీపురు గానీ తగిలిందా?" అని నవ్వేవాడు. రుక్కమ్మ చీపురు తీసుకుని అవతలి మెట్ల వైపు పోయేది.

ఒక్క సక్కుబాయికే చెప్పుకుంది. వెనక గల్లీలో ఉంటుంది, నోరు పెద్దది. మూడేళ్ల కింద ఆమె పెనిమిటిని కూడా ఇక్కడ దింపకుండా, పిలవకుండా వ్యానులోనే తీసుకుపోయారు. రుక్కమ్మ చెప్పిన మర్నాడు పొద్దుగూకగానే సక్కుబాయి వచ్చి, కూస్తున్న లిఫ్టు ముందు నడుం మీద చెయ్యేసి నిలబడింది.

"ఏమయ్యా! బతికున్ననాడు ఎన్నడన్న ఒక్క పిలుపుకు పలికినవా నువ్వు?" అంది. రెండోసారి "ఏమయ్యా" అన్నప్పుడు గొంతు బొంగురుపోయింది. మూడోసారి పిలుస్తూనే ఏడ్చింది.

కూత ఆగింది. ఒక్క మనిషి దిగిపోయినట్టు...

సక్కుబాయి వెనక్కి చూడకుండా నడిచింది. పోతూ పోతూ, "నువ్వు గూడ పిల్వవే రుక్కీ. పిల్లను ఇడ్సిపెట్టు. ఎన్నొద్దులు నిలవెడ్తవ్ దాన్ని?" అంది.

రుక్కమ్మ ఒక్కతే మిగిలింది. తలుపు మూసుకోలేదు. లోపల తెల్లటి లైటు. కొబ్బరినూనె రాసిన జడ వాసన, కొత్త ఫోను కవర్ల వాసన. సక్కు చెప్పింది నిజమే. పిల్ల కాళ్లు గుంజుతుంటాయి. ఊపిరి పీల్చింది. మూడో పిలుపు నాలుక మీదికొచ్చింది.

"అమ్మా..." చెవి దగ్గరే. చల్లగా. "జాగైందే... రా..."

రేపు, అనబోయింది రుక్కమ్మ.

తెల్లారి లింగమూర్తి డ్యూటీకి వచ్చేసరికి చీపురు గోడకు ఆనించి ఉంది. లిఫ్టు గడప ముందు రుక్కమ్మ చెప్పులు, ఇంట్లోకి పోతూ విడిచినట్టు, పక్కపక్కన పొందిగ్గా ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు.

కీ... కీ... అని కూస్తోంది.