లేని పదో స్లాట్

"సాయంత్రం నాలుగింటికి ప్రభావతి గారిని చంపుతరట. ఎట్లనో కనుక్కో." చీఫ్ జగన్మోహన్ ఫోన్ పెట్టేశాడు.

విదేశీ ముఠా గుట్టు విప్పడానికి ఒప్పుకున్న ఒకే ఒక్క సాక్షి ప్రభావతి. నారాయణగూడ సేఫ్ హౌస్‌లో, ఎలక్ట్రానిక్ తాళం వెనక ఉంది. ఏజెంట్ ఉమాకాంత్ చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ అభ్యర్థి వేషంలో కూర్చున్నాడు. పెట్టుడు గడ్డం జిగురు దురద పెడుతోంది.

మూడున్నరకు నల్ల కళ్లద్దాలతో తన్మయి వచ్చింది. ముఠా జీతం తింటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు చేర్చే డబుల్ ఏజెంట్. చదువుతున్న తలలన్నీ లేచాయి.

"కరెంట్ అఫైర్స్ పుస్తకం కొత్తదేనా?" అని అడిగింది.

"చిరిగింది," అన్నాడు ఉమాకాంత్. కోడ్ వర్డ్ సరిపోయింది.

ఆమె పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "తాళం పగలగొట్టరు. అదే తెరుచుకుంటది. అశోక్‌నగర్ల ఒక స్టడీ హాల్ నుంచి కమాండ్ పంపుతరు. స్లాట్ నంబర్ పది, పాస్‌వర్డ్ అసలే పంపరు. గేటు కాడ షూటర్ ఉంటడు."

"గార్డులకు చెప్త."

"వాళ్లల్ల ఒకడు ముఠావోడే. ఎవడో నాకు తెల్వదు."

గేటు కాడికి వేరే టీమ్‌ను పంపమని చీఫ్‌కు మెసేజ్ పెట్టి, ఉమాకాంత్ లాప్‌టాప్‌లో తాళం కోడ్ తెరిచాడు. జావాస్క్రిప్ట్. పాస్‌వర్డ్‌లు దాచిన అరేలో, అంటే వరుస పట్టీలో, పది స్లాట్లు, సున్నా నుంచి తొమ్మిది దాకా. లేని పదో నంబర్ అడిగితే అది ఎర్రర్ ఇవ్వదు, 'అన్‌డిఫైన్డ్', అంటే విలువేమీ లేదు, అని ఊరుకుంటుంది. పంపని పాస్‌వర్డ్ కూడా అన్‌డిఫైన్డే. రెండూ సమానం కాబట్టి తలుపు తెరుచుకుంటుంది.

ఛీ అనిపించింది. ఆ కోడ్ రాసిన సృజన్‌కు ఫోన్ చేశాడు.

"స్లాట్ నంబర్ అసలు ఉన్నదా అని చూసే చెక్ ఏదిరా?"

"స్క్రీన్ మీద పది బటన్లే ఉన్నయి గదన్నా. పదకొండోది ఎవడు ఒత్తుతడు?"

"చంపెటోడు నీ బటన్లే ఒత్తుతడా?"

మూడు యాభై ఆరు. ఉమాకాంత్ తనే టైప్ చేశాడు. స్లాట్ నంబర్ పూర్ణసంఖ్య కావాలి, సున్నాకు తగ్గకూడదు, లెంగ్త్‌కు, అంటే మొత్తం స్లాట్ల లెక్కకు, మించకూడదు. కాదంటే తలుపు తీయొద్దు.

"ఆగు." తన్మయి గోరు స్క్రీన్‌ను తాకింది. "లెంగ్త్ పది. 'మించకూడదు' అంటే పదిని రానిస్తున్నవ్. లెంగ్త్ కంటే తక్కువనే ఉండాలె. ఆ సమానం గుర్తు తీసెయ్."

సృజన్‌ను తిట్టిన నోరు చేదెక్కింది. గుర్తు చెరిపి, కోడ్ తాళానికి పంపాడు. మూడు యాభై తొమ్మిది.

"నీకింత బాగ ఎట్ల తెలుసు?"

"ఈ కంత కనిపెట్టి వాళ్లకు అమ్మిందే నేను."

లేచి దూరం జరగాలనిపించింది. అంతలో నాలుగు కొట్టింది, తాళం లాగ్‌లో ఒక లైన్ మెరిసింది: స్లాట్ పది, తిరస్కరణ. మూసిన తలుపు ముందు తెల్లబోయి నిలబడ్డ షూటర్‌ను, జగన్మోహన్ పంపిన టీమ్ పిస్తోలుతో సహా పట్టుకుంది.

అయిదింటికి చీఫ్ ఫోన్. "శభాష్! తాళం గట్టిగ నిలబడ్డదని పైవాళ్లు సృజన్‌కు అవార్డు ఇస్తున్నరు."

"ఇయ్యండి సార్," అన్నాడు ఉమాకాంత్. "ఎవరి పేరు రాసినా పర్వాలేదు. ఆ కోడ్ లెక్కనే, మన ఆఫీసుల గూడ ఎవడు చెక్ చేస్తడు?"