కల్వకుర్తిలో సముద్రం

నలభై మీటర్ల ఎత్తు నుంచి కింద పడటానికి కృష్ణకాంత్‌కు మూడు సెకన్లు కూడా పట్టలేదు. కారణం రాయడానికి పోలీసులకు మాత్రం మూడు రోజులు పట్టింది. 'అజాగ్రత్త' అని రాశారు.

అతను సేఫ్టీ ఇన్‌స్ట్రక్టర్. చెప్పులు విప్పేటప్పుడు కూడా చూసి విప్పే మనిషి. అంతకన్నా ముఖ్యంగా, అతను ఇన్‌స్ట్రక్టరే కాదు, ఏజెంట్.

"వాని స్లింగ్ మాయమైంది," అన్నాడు చీఫ్ వెంకటనర్సు, కల్వకుర్తి బస్టాండ్ ఎదురు టిఫిన్ సెంటర్లో ఉప్మా కెలుకుతూ. "మనిషిని టవర్‌కు పట్టి ఉంచే నైలాన్ పట్టీ. దాని జాగాల కొత్తదొకటి కోసి పెట్టిండ్రు."

ఎదురుగా కూర్చున్న శ్రవణ్‌కుమార్ చాయ్ ముట్టలేదు. అతనికి పని నేర్పింది కృష్ణకాంతే.

"ఎవరు సార్?"

"బయటి దేశపు ముఠా. సముద్రంల గాలిమరలు పెడుతున్నం గదా. వాటినెక్కి పనిచేసే పిల్లల్ని మనమే తయారుజేస్కుంటే వాళ్ల కంపెనీకి గిరాకీ లేదు. మన ట్రెయినింగ్ ఉత్తదని లోకానికి చూపియ్యాలె. పాసింగ్ అవుట్ నాడు, అతిథుల ముంగట."

"ఏం చేస్తరు?"

"తెల్వదు. లోపల మనదొక మనిషున్నది. కోడ్ నేమ్ హంస. ఆమెనే పలకరిస్తది. ఇయ్యాల్టి సంది నువ్వు ఎల్లేష్‌వి. పత్తి కూలి. పది పాస్."

"ప్రోగ్రామే బంద్ చేపిస్తే?"

"ముఠా ఇంకో ఊరు చూస్కుంటది. పిల్లల నౌకరీలు పోతయ్. పో, పొయ్యి చూడు."

సముద్రం ఎటు చూసినా రెండొందల కిలోమీటర్లకు పైనే. అయినా ఊరి బయట గుట్ట మీద సముద్రపు ఉద్యోగాలకు శిక్షణ నడుస్తోంది. కృష్ణకాంత్ పడిన ఉక్కు టవర్ ఒకటి. ట్యాంకర్లతో నింపిన కొలనులో హెలికాప్టర్ డబ్బా. అందులో మనుషుల్ని కూర్చోబెట్టి తలకిందులుగా ముంచుతారు, ఊపిరి బిగబట్టి బయటపడాలి.

మొదటిరోజే అందరికన్నా ముందు బయటపడింది స్వరూప. మర్రిగూడ పిల్ల.

"భయం కాలేదా?" అడిగాడు శ్రవణ్.

"గీ నీళ్లకు భయమెందుకన్నా? మమ్ముల ముంచింది ఫ్లోరైడ్ బోరు నీళ్లు. మా అవ్వ బొక్కలు వంగిపోయినయ్, లేవనే లేస్తలేదు. నౌకరి రాంగనే ఆమెను ఆడికెళ్లి తీస్కపోత."

ఆ మాట ఆమె రోజుకోసారైనా అనేది. శ్రవణ్ వినీ వినీ, ముఠా సంగతి ఎలా ఉన్నా ఈ పిల్లను సముద్రం దాకా పంపాల్సిందేనని మనసులో గట్టిగా అనుకున్నాడు. ఏజెంట్లు ఇలాంటివి అనుకోకూడదు.

చీఫ్ ట్రెయినర్ రోజారమణి. ముంబైలో పుట్టి పెరిగానని చెబుతుంది. ఆరెంజ్ జంప్‌సూట్‌ను కూడా దర్జీకిచ్చి ఒంటికి సరిపోయేలా కుట్టించుకుంది. టవర్ చివర గాలిలోనూ ఆమె లిప్‌స్టిక్ చెదరదు. ట్రెయినీలు సగం మంది పాఠం వినడం మానేసి ఆమెనే చూసేవాళ్లు.

పదో రోజు శ్రవణ్ పక్కన నిలబడి ఆమె మెల్లగా అంది.

"గాలి ఎటు నుంచి?"

"పడమర నుంచి."

"అయితే వాన రాదు."

చీఫ్ చెప్పిన కోడ్ సరిపోయింది. హంస ఈమే.

"పాసింగ్ అవుట్ నాడు అతిథుల టెంట్‌లో బాంబ్. టవర్ సేఫ్. మీ వాళ్లందరినీ టెంట్ దగ్గర పెట్టించు."

హెల్మెట్ పట్టీలో దాచిన ట్రాన్స్‌మిటర్‌తో శ్రవణ్ ఆ మాట చీఫ్‌కు చేరవేశాడు. చీఫ్ మనుషులు వంటవాళ్లుగా, వడ్డించేవాళ్లుగా, కుర్చీలు వేసేవాళ్లుగా టెంట్ నిండా దిగారు.

మూడు నెలల కోర్సు ముగిసి, పాసింగ్ అవుట్ నాడు ఉదయం పది గంటలకు పన్నెండు మంది ట్రెయినీలు టవర్ ఎక్కారు. కింద ఢిల్లీ అధికారులు, విదేశీ కన్సల్టెంట్లు, పిల్లల తల్లిదండ్రులు. పైన ప్లాట్‌ఫాం మీద రోజారమణి సీలు వేసిన డబ్బా తెరిచి కొత్త పసుపు స్లింగ్‌లు పంచింది. తనది నీలం రంగుది, విడిగా తెచ్చుకుంది. ఒక పొడుగు విజిల్ వినగానే పన్నెండు మందీ రెయిలింగ్ వదిలి, వెనక్కి వాలి, స్లింగ్‌ల మీదే గాల్లో వేలాడాలి. అదీ ప్రదర్శన.

శ్రవణ్ పుట్టింది పత్తి కూలి ఇంట్లో కాదు, మగ్గం గుంత పక్కన. డిపార్ట్‌మెంట్ వాళ్లు అతనికి కూలివాడి నడక నేర్పారు, తిండి నేర్పారు. వేళ్ల సంగతి మరిచిపోయారు. కొత్త నేత చేతికొస్తే చాలు, నేతపని ఇంట్లో పుట్టినవాడి వేళ్లు ఊరుకోవు. అంచున ఒక పోగు లాగుతాయి. పురి విప్పి, పెదాల మధ్య తడిపి, తెంపి చూస్తాయి.

అతని వేళ్లు ఆ పనే చేశాయి, అడగకుండానే.

పోగు చప్పుడైనా లేకుండా తెగింది. నాలుకకు పుల్లగా తగిలింది.

యాసిడ్. పైకి రంగు పోలేదు, మెరుపు పోలేదు. లోపల బలం పోయింది.

తలెత్తాడు. రోజారమణి అతని వేళ్ల వైపే చూస్తోంది. చూసేవాళ్లెవరైనా అతను గోరు కొరుకుతున్నాడనే అనుకుంటారు. ఆమె అనుకోలేదు.

"పోగు చూస్తున్నవా?" అంది. ముంబై యాస ఎటు పోయిందో పోయింది. "సాలోళ్ల పిల్లగానివా నువ్వు?"

"నువ్వు గూడ అంతేనాయె. లేకుంటే నీకెట్ల ఎరుక?"

ఆమె విజిల్ నోట్లో పెట్టుకుంది. కృష్ణకాంత్‌ను ఎవరు పట్టిచ్చారో అతనికి ఆ క్షణాన తెలిసింది. కింద వంద కళ్లు టెంట్‌లో లేని బాంబును వెతుకుతున్నాయి. పైన అతనొక్కడే.

విజిల్ మోగింది.

"ఎవ్వలు చేతులిడ్వకుండ్రి! పట్టీలు తెగుతయ్!" కేకేశాడు శ్రవణ్.

మూడు నెలల నుంచి ఇంగ్లిష్ కమాండ్లకు అలవాటుపడిన చెవుల్లో ఇంటి మాట పిడుగులా పడింది. పదిమంది చేతులు రెయిలింగ్‌ను బిగించి పట్టుకున్నాయి. స్వరూప మాత్రం అన్నిట్లోనూ ముందే కదా, అప్పటికే వెనక్కి వాలిపోయింది. స్లింగ్ ఒక్క క్షణం ఆగి పుటుక్కుమంది.

శ్రవణ్ కమ్మీకి కాలు మెలివేసి పూర్తిగా బయటికి దూకినంత పనిచేశాడు. ఆమె వీపు మీది బెల్ట్ వేళ్లకు చిక్కింది. అతని భుజం కీలు ఊడినట్టయింది. వదల్లేదు. మిగతావాళ్లు అతని నడుము పట్టి ఇద్దరినీ పైకి గుంజారు.

అప్పటికి రోజారమణి రెండో వైపు చేరింది. నీలం స్లింగ్‌ను కిందికి దిగే తాడుకు తగిలించింది. దిగితే గుట్ట వెనక కారు సిద్ధం.

"నీ పోగు చూస్కున్నవా?" రొప్పుతూ అరిచాడు శ్రవణ్.

ఆమె నవ్వింది. "నాది వాళ్లు వేరే పంపిండ్రు," అని దూకింది.

సాక్షుల్ని మిగిల్చే అలవాటు ముఠాకు లేదు. ఊరందరి పోగులూ పరీక్షించగల ఇంట పుట్టిన మనిషి, తనకిచ్చిన దాన్ని ఒక్కసారైనా వేలితో తడమలేదు. అదీ తెగింది. మూడు సెకన్లు కూడా పట్టలేదు. చచ్చింది ద్రోహే అయినా శ్రవణ్ కళ్లు మూసుకున్నాడు.

కింద ఒక విదేశీ కన్సల్టెంట్ విజిల్‌కు ముందు నుంచే టవర్ కొసను వీడియో తీస్తున్నాడు. వడ్డన గరిటె పక్కన పడేసి చీఫ్ మనిషి బీరన్న ఆ ముఠావాడి మెడ పట్టుకున్నాడు. డిపార్ట్‌మెంట్ తరఫున ఆ రోజు టెంట్‌లో జరిగిన పని అదొక్కటే.

కుట్ర భగ్నమైంది. పరికరాల మీద విచారణ తేలేదాకా సంస్థకు సీలు వేశారు, బ్యాచ్ సర్టిఫికెట్లు రద్దు చేశారు.

నెల తర్వాత శ్రవణ్ మర్రిగూడ వెళ్లాడు. స్వరూప పత్తి చేలో ఉంది. అవ్వ నులక మంచంలోనే ఉంది.

"పానం కాపాడినవన్నా, నీ రుణం తీరదు," అంది స్వరూప, నడుముకు కట్టిన ఒడి విప్పకుండానే. "మరి గీ పానాన్ని ఇప్పుడు ఏడ పెట్టుకోవాలె?"

అతనికి సిగ్గేసింది.

రిపోర్ట్‌లో 'మన నష్టం' అన్న చోట శ్రవణ్ 'పదకొండు నౌకరీలు' అని రాసి పంపాడు. చీఫ్ ఆ ముక్క మీద నల్లసిరా పూయించాడు. అది దేశ రహస్యం కిందికి వస్తుందట.