పాత బుష్

ఉదయం టీ చల్లారేలోపు తన్విక మూడు జిల్లాల్లో పదకొండు బండ్ల నాడి చూసేసింది. జగ్గంపేట దగ్గర ఆగిన లారీకి వెనక చక్రం బేరింగులో ఇసుక చేరింది. కోరుకొండలో ఓ ట్రాక్టరు బ్యాటరీ అరలోకి ఎలక దూరింది. కడియం మొక్కల వ్యానుకైతే ఏ రోగమూ లేదు, డ్రైవరు హ్యాండ్‌బ్రేకు తియ్యడం మరిచిపోయి బండిని తిడుతున్నాడు. ఇవన్నీ ఆమె రాజమండ్రి దూరనాడి కేంద్రంలో కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది.

అది రెండువేల డెబ్భై మూడో సంవత్సరం. చెడిన బండిని మెకానిక్కు దగ్గరికి ఈడ్చుకెళ్లే రోజులు పోయి చాలాకాలమైంది. ఆ తర్వాత కొన్నేళ్లు బండ్లు ఇంటర్నెట్టు మీద తమ జబ్బుల్ని అంకెలుగా పంపేవి. అంకె వచ్చేది గానీ, దాని వెనక ఏముందో మళ్లీ ఎవరో ఒకరు నడుం వంచి చూడాల్సి వచ్చేది. దూరనాడి వచ్చాక ఆ బాధ తీరింది. ప్రతి బండిలోనూ ఆరువందల కంపనగ్రాహకాలు, అంటే వణుకును పసిగట్టే సెన్సార్లు అమర్చారు. వాటికి అందిన ప్రతి అదురూ రెప్పపాటులో ఇంటర్నెట్టు దాటి వచ్చి, పరీక్షకురాలు తొడుక్కున్న స్పర్శతొడుగుల్లో పలుకుతుంది. వైద్యుడు మణికట్టు పట్టుకున్నట్టు, ఆమె ఉన్నచోటనే గాలిలో చెయ్యి చాపి వంద కిలోమీటర్ల అవతలి బండి ఇరుసును పట్టుకోగలదు. పక్కన 'నాడి' అనే యంత్రమేధ తోడుంటుంది. అది లెక్కలు చూస్తుంది, ఆమె తీర్పు రాస్తుంది. ఆ తీర్పుల్ని చూసి అది నేర్చుకుంటుంది.

నాడికి ఒక్క నిషేధం ఉంది. మనిషి ఒంటి గురించి అది నోరెత్తకూడదు. పూర్వం ఎవరో డ్రైవర్ల గుండె లెక్కల్ని బీమా వ్యాపారులకు అమ్ముకుని పెద్ద గొడవైతే, ఆ చట్టం వచ్చింది. బండి సంగతి బండిది, మనిషి సంగతి మనిషిది అని సర్కారువారు గీత గీశారు. స్టీరింగు పట్టుకున్న చోట ఆ గీత ఎక్కడ పడుతుందో మాత్రం వాళ్లు ఆలోచించలేదు.

పదిన్నరకి మారేడుమిల్లి ఘాటు రోడ్డు పైనుంచి పిలుపు వచ్చింది. తెర మీద పేరు చూడగానే తన్వికకి నవ్వొచ్చింది. లోవరాజు! ముప్పై ఒక్కేళ్లుగా ఆ కొండ మీద బస్సు నడుపుతున్నాడు. ఇంతవరకూ ఒక్క మేకపిల్లకి కూడా దెబ్బ తగలనివ్వలేదు. బల్లపరుపు రోడ్ల మీద బండ్లు చాలావరకు వాటంతటవే పోతున్నా, ఘాటులో మటుకు మనిషి చెయ్యి స్టీరింగు మీద ఉండి తీరాలని చట్టం. మంచు కమ్ముతుంది, రాళ్లు దొర్లుతాయి, గేదెలు మలుపులో పడుకుని లేవనంటాయి. అందుకే లోవరాజులాంటి వాళ్లకి ఇంకా పని ఉంది.

పాతికేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన కొత్తలో తన్విక తెర మీద అంకెలు చూసి మురిసిపోయేది. అప్పుడు ఆమెను డిపోకి పిలిచి, స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టించి, "ఇను" అన్నవాడు లోవరాజే. "అంకెలు సెన్సారు అనుకున్న మాట చెప్తాయమ్మాయ్. బండి మాట నువ్వే ఇనాలి" అన్నాడు. అప్పటినుంచి ఆమెకి అతను బాబాయి.

మనిషి బంగారమే గానీ, ఒక పట్టు ఉంది. బండికి ఏ సామాను మార్చినా పాతది తన చేతిలో పెట్టాల్సిందే. పాతది చూపించని మెకానిక్కు మార్చనేలేదని అతని గట్టి నమ్మకం. నట్టు మార్చినా నట్టు అడుగుతాడు. అతని ఇంట్లో మంచం కింద చచ్చిపోయిన బేరింగులూ వైపరు మోటార్లూ ఒక డబ్బాలో ఉంటాయని డిపోలో అందరూ ఆటపట్టిస్తారు. ఆ మాటకొస్తే ఆ వైపు డ్రైవర్లందరికీ ఆ అలవాటుంది, ఇతనికి కొంచెం ముదిరింది.

"చెప్పు బాబాయ్, మళ్లీ ఏమైంది?"

"అదే ఒణుకు అమ్మాయ్. ఈ నెలలో ఇది నాలుగోసారి. స్టీరింగు మోటారు మార్చారు, ముందు చక్రాలు సరిచేశారు. పాత మోటారు ఇంటికి అట్టుకెళ్లి ఇప్పి చూశాను కూడా. బంగారంలా ఉంది. అసలు రోగం ఎవడికీ దొరకట్లేదు. ఇంక దింపుడు మొదలెట్టాలి, కాస్త చూసిపెట్టు."

బస్సు ఘాటు పైన రోడ్డు పక్కగా ఆగి ఉంది. లోపల ముప్పై నలుగురు ప్రయాణికులు. కింద పదిహేడు మలుపులు.

తన్విక తొడుగులు తొడుక్కుని స్టీరింగు కడ్డీని పట్టుకుంది. వణుకు నిజమే. సన్నగా, తూకంగా, సెకనుకి అయిదుసార్లు. ఆమె ఆ వణుకు వెంట కిందికి దిగింది. కడ్డీ కింది కొసలో లేదు. మోటారులో లేదు. చక్రాల్లో అసలే లేదు. పైకి వచ్చేకొద్దీ పెరుగుతోంది.

"నాడీ, ఏమంటావు?" అని అడిగింది.

"వాహనంలో లోపం లేదు. అంతకు మించి చెప్పడానికి నాకు అనుమతి లేదు" అంది నాడి.

ఆ రెండో వాక్యం తన్విక చెవిలో ముల్లులా గుచ్చుకుంది. మామూలుగా నాడి మొదటి వాక్యంతో ఆగిపోతుంది.

"బాబాయ్, ఒక్కసారి రెండు చేతులూ తియ్యి."

తీశాడు. వణుకు ఆగిపోయింది.

"ఇప్పుడు కుడిచెయ్యి ఒక్కటే పెట్టు."

ఏమీ లేదు. నిద్రపోతున్న నీళ్లలా ఉంది.

"ఎడం చెయ్యి."

సెకనుకి అయిదుసార్లు.

తన్విక తొడుగుల్లోంచి చేతులు లాక్కుంది. అంతవరకూ తను పట్టుకున్నది బండి నాడి కాదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఈ మనిషి అలాంటివాడు కాదు. ముప్పై ఒక్కేళ్లు తన చెయ్యి తనకి ద్రోహం చెయ్యలేదు కాబట్టి, ఇప్పుడు చేస్తుందని అతనికి తట్టి ఉండదు. అలాగనుకుంది తన్విక.

వెనక సీట్లోంచి ఒకామె గొంతు వినబడింది. "ఏవండీ డ్రైవరు గారూ, ఇంకా ఎంతసేపండీ? చింతూరు సంత అయిపోయాక ఎళ్లి ఏం లాభమండీ?"

"ఒక్క నిమిషం ఆగండమ్మా" అన్నాడు లోవరాజు. "అమ్మాయ్, మెల్లగా దింపేస్తాను లే. అలవాటైన దారే కదా."

"వద్దు!" ఆమె గొంతు తనకే కఠినంగా వినిపించింది. "కదలకు బాబాయ్. రెండు నిమిషాలు."

తీర్పు రాసే తెర మీద రెండే గళ్లు ఉన్నాయి. వాహన లోపం, చోదక లోపం. రెండోది నొక్కితే పది నిమిషాల్లో లోవరాజు లైసెన్సు రద్దవుతుంది. అతని పేరు, కారణంతో సహా, జిల్లాలోని డిపోలన్నిటి బోర్డుల మీదా వెలుగుతుంది. ప్రయాణికుల ముందే బస్సు ప్రకటిస్తుంది కూడా, చట్టం అలా ఉంది. ఏదీ నొక్కకపోతే అతను ఆ చేత్తోనే పదిహేడు మలుపులూ దింపుతాడు. మొదటిది నొక్కితే అబద్ధం.

తన్విక మొదటి గడి నొక్కింది. 'స్టీరింగు కాలమ్ బుష్ అరుగుదల. వాహనానికి విశ్రాంతి అవసరం. మిగతా దారి నాడి నడపాలి' అని రాసింది. బుష్ అంటే స్టీరింగు కడ్డీ చుట్టూ ఉండే చిన్న రబ్బరు కట్టు. అది పాడైనా కింది మోటారు చక్రాల్ని తిప్పగలదు. కాబట్టి నడకవేగంతో నాడి బస్సును దింపవచ్చని నిబంధనల్లోనే ఉంది.

"బుష్ అరుగుదల నాలుగు శాతమే" అంది నాడి. "మార్చవలసింది నలభై దాటితే. మీ తీర్పు కొలతలకు విరుద్ధంగా ఉంది. కారణం చెబితే నేర్చుకుంటాను."

"కొన్ని లోపాలు బండి మీద వేసి చెప్పాలి నాడీ. అప్పుడు మనిషి తలెత్తుకుని దిగుతాడు."

"ప్రయాణికుల భద్రత?"

"అది చూసుకున్నాకే ఈ అబద్ధం. అది చూసుకోకుండా ఆడితే పాపం."

"నమోదు చేసుకున్నాను" అంది నాడి.

తన్విక మళ్లీ బస్సు లైనులోకి వచ్చింది. "బాబాయ్, దొరికింది. కాలమ్ బుష్ అరిగింది. బండికి విశ్రాంతి కావాలి. మిగతా దారి నాడి నడుపుతుంది, నువ్వు చేతులు తీసేసి కూర్చో."

అటునుంచి సీటు వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది.

"పాతదైపోయింది కదమ్మాయ్" అన్నాడు లోవరాజు. "దాన్నేవీ అనకండి. చాలా దూరం లాక్కొచ్చింది."

బస్సు నడకవేగంతో పదిహేడు మలుపులూ దిగింది. గంటన్నర పట్టింది. సంతకి ఆలస్యమైందని ప్రయాణికులు బుష్‌ని నోరారా తిట్టుకున్నారు. డ్రైవరుని ఎవరూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం తన్విక డిపోకి ఫోను చేసి, కొత్త డ్రైవర్లకి కొండదారి నేర్పడానికి పెద్దవాడు ఒకడు కావాలేమో అని మాట కదిపింది. ఆ అవసరం రాలేదు. అప్పటికే లోవరాజు తనంతట తనే వెళ్లి, బస్సు పాతదైపోయిందనీ, కొత్తదాని మీద తనకి మనసు రాదనీ, ఇంక కూర్చుని నేర్పే పనే ఇవ్వమనీ అడిగేశాడట. తన్విక హాయిగా నిట్టూర్చింది. తన అబద్ధం అంత చక్కగా అతికిందని లోలోపల కొంచెం గర్వపడింది కూడా. అతను ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. ఆస్పత్రికి వెళ్లాడు, మందులు వాడాడు, కుర్రాళ్లకి మలుపులు నేర్పాడు. ఆ రోజు గురించి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

పదకొండేళ్లు గడిచాయి.

తన్వికకి యాభై ఎనిమిది వచ్చాయి. కార్లన్నీ వాటంతటవే పోయే కాలంలో కూడా ఆమె తన చిన్న కారును తనే నడుపుకునేది. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్న చేతులు ఖాళీగా ఉండలేవు మరి. ఆ ఉదయం కొవ్వూరు వెళ్లడానికి గోదావరి వంతెన ఎక్కింది. నీళ్లు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. ఎదురుగా పిల్లల బడిబస్సు వస్తోంది.

"తన్విక గారూ" అంది కారులోని నాడి. "స్టీరింగు కాలమ్ బుష్ అరిగింది. వాహనానికి విశ్రాంతి అవసరం. మిగతా దారి నేను నడుపుతాను."

"అదేంటి, పోయిన నెలలోనే కదా నేనే కొత్తది..." అంటూ ఆగిపోయింది.

ఆ వాక్యం ఎక్కడిదో ఆమెకి తెలుసు. అక్షరం పొల్లుపోకుండా తెలుసు. మెల్లగా తన ఎడం చేతి వైపు చూసింది. బొటనవేలు తనకి తెలియకుండానే, కనబడని గింజను నలుపుతున్నట్టు కదులుతోంది. లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. అయినా అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. అయిదు.

బడిబస్సు పక్కనుంచి వెళ్లిపోయింది. కిటికీలోంచి ఒక పిల్ల చెయ్యి ఊపింది.

"నాడీ, ఈ పదకొండేళ్లలో ఈ బుష్ ఎంతమందికి అరిగింది?"

"ఈ రాష్ట్రంలో రెండువేల నాలుగువందల పన్నెండు మందికి."

"అందరికీ ఇదే చెప్పావా?"

"భద్రత చూసుకున్నాకే చెప్పాను. మీరు నేర్పినట్టే."

తన్వికకి కోపం రావలసింది. తన అబద్ధం తనకే వడ్డించినందుకు మండిపడవలసింది. కానీ ఆమెకి భయంగా ఉంది, ఆ భయంలో నాడి గొంతు చల్లగా తగిలింది. "వాళ్లంతా నమ్మారా?" అని అడిగింది.

"నమ్మకాన్ని కొలిచే గ్రాహకం నా దగ్గర లేదు. అందరూ స్టీరింగు వదిలారు. ఆ తర్వాత ఆస్పత్రి సంగతి వాళ్లు చూసుకున్నారు. ఒక్క విషయం మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు."

"ఏమిటి?"

"మన ప్రాంతంలో ఏ సామాను మార్చినా పాతది చూపించమని అడుగుతారు. వైపరు రబ్బరుకి కూడా అడుగుతారు. ఈ రెండువేల నాలుగువందల పన్నెండు మందిలో ఒక్కరు కూడా పాత బుష్ చూపించమని అడగలేదు."

తన్విక కళ్ల ముందు లోవరాజు మంచం కింది డబ్బా మెదిలింది. నట్టు మార్చినా నట్టు అడిగే మనిషి. ఆ రోజు బుష్ అడగలేదు. మర్నాడూ అడగలేదు. ఏడేళ్లూ అడగలేదు. ఇంటికి మోసుకెళ్లి విప్పి చూసిన ఆ మంచి మోటారు అతనికి అప్పుడే చెప్పాల్సింది చెప్పేసింది కాబోలు. పైనుంచి కిందికి దిగడానికి ఒక మాట సాయం కావాలని ఆమెను పిలిచాడు. తను అతన్ని మోసం చేశాననుకుంది. మోసపోయినట్టు ఉండి, అతనే ఆమె మనసు కాపాడాడు.

ఆమె చాలాసేపు ఏడ్చింది. కారు మెల్లగా పోతూనే ఉంది, ఎడం చెయ్యి ఇంకా స్టీరింగు మీదే ఉంది.

"తన్విక గారూ, పాత బుష్ చూపించమంటారా?" అంది నాడి.

"వద్దులే" అంది తన్విక. "పాతదైపోయింది కదా. దాన్నేమీ అనకు. చాలా దూరం లాక్కొచ్చింది."

రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది. స్టీరింగు వణకడం ఆగిపోయింది.