రోలు నేర్పిన దరువు

ఆదివారం పొద్దున్నే ఇవ్‌రోజ్ చెక్క రోట్లో వెల్లుల్లి, ఉల్లికాడలు, ఘాటు మిరపకాయలు వేసి దంచుతోంది. జక్మెల్ ఊళ్లో ఆ వేళకి ఏ వంటింట్లో విన్నా ఇదే చప్పుడు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు భోజనానికి వస్తానన్నారు, ఆమె హడావుడి ఆమెది.

కూతురు మిర్లాండ్ గుమ్మంలో నిలబడి, సాయంత్రం ఊరి పండుగలో కోంపా పాటల బృందంతో డోలు వాయిస్తున్నానని చెప్పింది. చెప్పడమే, అడగడం కాదు. రోకలి ఆగిపోయింది.

ఇవ్‌రోజ్ భర్త దెస్తెన్ ఆ బృందంలోనే ఇరవయ్యేళ్లు డోలు వాయించాడు. కోంపా అంటే ఆషామాషీ పాటా? అది మొదలైతే చేపలమ్మే ముసలమ్మ కూడా గంప దించేసి, మొగుణ్ణి హత్తుకుని, ఒక్క గచ్చుపలక దాటకుండా గంటసేపు ఊగాల్సిందే. ఇవ్‌రోజ్ కూడా అలా ఊగినదే. ఆయన పోయాక ఆమె చర్చిలో చేరింది. ఇక ఆటకి అడుగు కదపనని అందరి ముందూ మాటిచ్చి, డోలుని మంచం కిందికి తోసేసింది.

ఇప్పుడదే డోలు కూతురి చేతుల్లో ఉంది.

పరువు తీస్తున్నావంది తల్లి. పాస్టరుగారికి మొహం ఎలా చూపించాలంది. మీ నాన్నే గనక ఉంటే అని ఏదో అనబోయి, ఆయన ఉంటే ఎగిరి గంతేసేవాడని గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆ ఉక్రోషం ఇంకో దారిన బయటపడింది.

"అసలు నీకీ దరువు నేర్పిన దౌర్భాగ్యుడెవడే?"

"నువ్వే."

"నోటికొచ్చినట్టు వాగకు."

"నాన్న పోయేటప్పటికి నాకు నాలుగేళ్లమ్మా. ఆయన వాయిస్తే విన్నట్టు గుర్తే లేదు. రోజూ పొద్దున్నే నువ్వు దంచుతుంటే పక్కమీద పడుకుని వినేదాన్ని. కావాలంటే దంచి చూడు."

పిల్ల చెప్పేది అబద్ధమని తేల్చేద్దామనే ఇవ్‌రోజ్ రోకలి ఎత్తింది. కావాలని అడ్డదిడ్డంగా నాలుగు పోట్లు వేసింది. ఐదో పోటుకి చెయ్యి తన దారిన తాను పోయింది. పదిహేనేళ్లుగా, ప్రార్థనకి వెళ్లే ముందు కూడా, ఈ వంటింట్లో మోగుతున్నది దెస్తెన్ దరువే. ఆమెకి ఏడుపు ఆగలేదు.

మిర్లాండ్ డోలు కింద పెట్టుకుని, రోకటి పోటుకి దెబ్బ జత కలిపింది.

"మూడో దెబ్బకి తొందరపడుతున్నావు," అంది తల్లి చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "మీ నాన్నా అంతే. నేనే పక్కన కూచుని సరిచేసేదాన్ని."

"మరి సాయంత్రం నాకెవరు సరిచేస్తారు?"

ఇవ్‌రోజ్ మళ్లీ రోకలి అందుకుంది.

"అడుగు కదపనని మాటిచ్చాను, కదపను. నీ పక్కన కూచోనని మాత్రం ఎవరికీ చెప్పలేదుగా."